వైజాగ్ పోయినాడు

"దండ ఎవరికిరా?"

గడప మీద నిలబడి అడిగింది కామేశ్వరి. చేతికి గోంగూర పచ్చడి అంటుకుని ఉంది. నుదుట నిండు చందమామంత బొట్టుంది.

గుమ్మం ముందు కొడుకు సాయిరాఘవ. అతని చేతిలోని దండ భుజం నుంచి మోకాలి దాకా వేలాడుతోంది. బంతీ చామంతీ దట్టంగా కలిపి, పడుకున్న మనిషికి నిలువునా సరిపోయేలా కట్టిన దండ. వెనక భార్య వర్షిణి. దారంతా ఏడ్చి ఏడ్చి ఆమె ముక్కు దొండపండయింది. ఆమె వెనక మార్కాపురం బజారు.

బజారంటే ఏ నలుగురో అనుకునేరు. బజారుకు బజారే నడిచొచ్చింది. రైలు దిగి, ఆటోలో ఊళ్ళోకొచ్చి, మలుపులో పూలమ్మే రోశమ్మ దగ్గర ఆగాడు సాయిరాఘవ. "ఎవరికబ్బయ్యా?" అంది రోశమ్మ. "మా నాన్నకి" అన్నాడు. దండకు ముడి పడేలోగా ఆ మాట వీధి చివర తాకి వెనక్కొచ్చింది. బెల్లం కొట్టు, బట్టల కొట్టు, ఎరువుల దుకాణం వరసగా షట్టర్లు సగానికి దించేశాయి. వర్తకుడు పోతే బజారు చేసే మర్యాద అది. అతని తండ్రి నాగేశ్వర్లు కిరాణా దుకాణమైతే నిన్నటి నుంచీ తెరవనే లేదు. ఇక అనుమానం ఎవరికొస్తుంది?

"ఎవరికంటే పలకవేంది?"

"నాన్న..." అన్నాడు సాయిరాఘవ. "నాన్న పోయాడన్నావట కదమ్మా."

"పోయినాడు. వైజాగ్ పోయినాడు! మీ ఇంటికే పోయినాడు! నిన్న రైలెక్కినాడు, స్టేషన్ కాడికి పోయి తోలుకొచ్చుకోండి అని చెప్పడానికి గదా నీ పెళ్ళానికి ఫోన్ చేసింది!"

రోశమ్మ చేతిలో మిగిలిన పూలబుట్ట పక్కకు ఒరిగింది. అంతలో బెల్లం కొట్టు ఆనంద్ బాబు ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. అది తుమ్మూ కాదు, దగ్గూ కాదు. దాన్ని పట్టుకుని వీధి వీధంతా నవ్వింది. సగం దించిన షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి గడగడమని పైకి లేచాయి.

"అత్తయ్యా, నాదేం తప్పు లేదండి" వర్షిణి ముక్కు తుడుచుకుంది. "మీ మామ పోయినాడమ్మా అని మీరు ఏడ్చేరు. అంతలో ఫోన్ కట్టయిపోయింది. మా వైపు పోయేరంటే పోయినట్టే. ఊరికెళ్తే ఎల్లేరంటాం."

"ఏడవనా మరి? వద్దన్నా వినకుండా, ఒక్కడే అంత దూరం పోతే నవ్వమంటావా? ఛార్జింగయిపోయి నా ఫోన్ పండుకునింది, ఛార్జరేమో దుకాణంలో ఉంది. మీ మామ ఫోన్ దుకాణంలో మర్చిపోయి తాళమేసుకొని పోయినాడు."

అంటే రాత్రంతా సాయిరాఘవ చేసిన ఫోన్లు కందిపప్పు బస్తాల మధ్య మోగాయన్నమాట. ఎత్తడానికి అక్కడ ఎలుకలు తప్ప ఎవరూ లేరు. ఇటు కొడుకూ కోడలూ ఏడుస్తూ వస్తున్న రైలు, అటు తండ్రి పల్లీలు తింటూ పోతున్న రైలు, దారిలో ఎక్కడో పక్కపక్కనే దాటుకునే ఉంటాయి. దండ ముందే కొని ఉంటే, కిటికీలోంచి చెయ్యి చాపి అక్కడే మెళ్ళో వేసేవాడు.

"ఆ దండ నువ్వే ఏసుకో అబ్బయ్యా" అంది రోశమ్మ. "పట్నం నుంచి వచ్చినావు, మాకూ సన్మానం చేసినట్టుంటది."

మళ్ళీ నవ్వులు. సాయిరాఘవ తల దించుకుని దండను అరుగు మీద పెట్టాడు.

అతన్ని కాల్చింది జనం నవ్వు కాదు. ఆ మాట. పోయినాడు.

ఆ మాటలోనే పెరిగాడు అతను. బడికి పోయినాడు, కంభం పోయినాడు, తిరనాళ్ళకి పోయినాడు. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా తల్లి చెప్పే జవాబు ఒక్కటే: మా వాడు వైజాగ్ పోయినాడు. కొత్తగా ఆ ఊరికి వెళ్ళినప్పుడు, పని దగ్గర ఒకడు "పోయినాడేటి గురూ, ఎవరు పోయేరు?" అని వెక్కిరిస్తే, ఆ మాటను నాలుక మీంచి గీకేసుకున్నాడు. తర్వాత నాయన నాన్న అయ్యాడు. ఏంది ఏంటయింది. చివరికి భార్య వచ్చి "మామయ్యగారు పోయేరంట" అని ఏడిస్తే, "అమ్మ సరిగ్గా ఏమంది?" అని అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ మాటకు రెండో అర్థం తెలిసిన మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. అతనే మరిచాడు.

*

ఊరంతా నవ్వుకున్నాక లేచి పోవాలి కదా, పోలేదు. అరుగు మీద సర్దుకుని కూర్చుంది. చావింటికి వచ్చి టీ తాగే అదృష్టం రోజూ దొరకదు మరి.

లోపల కామేశ్వరి టీ కాస్తూ అంది.

"ఇంతసేపటికి దిగి ఉంటాడు. మీకు ఊరగాయ పంపిస్తామే, ఆ కొరియర్ చీటీ జేబులో పెట్టుకొనే పోయినాడు. ఇల్లు కనుక్కుంటాడులే. మీ ఇంటి తాళం ఎవరి కాడుంది?"

సాయిరాఘవకు అప్పుడు గుర్తొచ్చింది. తాళం సంగతి కాదు. ఆ తాళం వేలాడుతున్న తలుపు సంగతి.

ఆ తలుపు రేకుది. వరసగా ఉన్న గదుల్లో ఒక గది అతని ఇల్లు. పైన సిమెంటు రేకు. వరసకంతటికీ ఒకే కొళాయి. వెనకే గూడ్సు బళ్ళు మళ్ళించే పట్టాలు. గాలి అటు నుంచి వీస్తే ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగు తేలుతుంది. ఆ వరసలో శ్రీకాకుళం వాళ్ళున్నారు, ఒడిశా వాళ్ళున్నారు, బీహారు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఒకే గదిలో వంతులేసుకుని నిద్రపోతారు. అతను చేసేది పోర్టులో ఆఫీసరు ఉద్యోగం కాదు. ఒక ప్రైవేటు లారీల యార్డు గేటు దగ్గర నిలబడి లోపలికొచ్చే బళ్ళ నంబర్లు రాసుకునే పని.

అబద్ధం ఒక్కసారిగా పుట్టలేదు. వెళ్ళిన కొత్తల్లో తండ్రి ఫోన్లో "ఇల్లెట్లుందిరా?" అని అడిగాడు. "ఓడలు కనిపిస్తాయి నాన్నా" అన్నాడు. అది సగం నిజం. నీళ్ళ ట్యాంకు దిమ్మ ఎక్కి మునివేళ్ళ మీద లేస్తే ఒక క్రేను కొన కనిపిస్తుంది. క్రేను కింద ఓడ ఉండే తీరాలి కదా.

ఆ కొన పట్టుకుని నాగేశ్వర్లు ఇల్లు కట్టాడు. కొడుకు ఒక కిటికీ పెడితే తండ్రి మేడ లేపాడు. దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, ఉప్పుకొచ్చిన వాణ్ణి పప్పు దాకా కదలనిచ్చేవాడు కాదు.

ఆయన చెప్పే వైజాగ్ చరిత్ర వింటే చరిత్రకే ఆశ్చర్యం వేయాలి. మొదట అక్కడ చేపలు పట్టేవాళ్ళ పల్లెలూ, సముద్రంలోకి ముక్కు పెట్టి వాసన చూసే ఒక కొండా ఉండేవట. దొరలు వచ్చి కొండ చాటున రేవు తవ్వారు. తవ్విన మట్టి ఎక్కడ పోయాలో తోచక ఊరి మీద పోశారు. ఆ మట్టిలోంచి మనుషులు మొలిచారు. ఓడలు కట్టే కార్ఖానా వచ్చింది, ఇంకో వరస మొలిచింది. నూనె వడకట్టే గొట్టాలు వచ్చాయి, ఉక్కు కొలిమి వచ్చింది, ఇక మొలకలు ఆగలేదు. జనాభా లెక్కల గుమాస్తా వీధి ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసకు చేరేసరికి, ఈ కొసన కొత్త ఇళ్ళు లేచేవి. పాపం, వెనక్కొచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు. "ఇప్పటికీ లెక్క పెడతానే ఉండాడు. పెళ్ళాం క్యారేజీ పంపిస్తానే ఉంది" అనేవాడు నాగేశ్వర్లు.

మట్టినీ క్యారేజీనీ పక్కన పెడితే మిగిలింది నిజమే. ఇరవై లక్షలు దాటిన జనం ఊరికే మొలవరు. ఎక్కడో ఒక ఊళ్ళో, ఒక దుకాణం బల్ల మీద, ఎవరో ఒకరు ఇలా చెబితేనే రైలెక్కుతారు.

"తాళం ఎవరి కాడుందంటే మాట్లాడవేంది?" కామేశ్వరి గ్లాసులు పేరుస్తూ మళ్ళీ అడిగింది.

"పక్కింటి గిద్యోను దగ్గర ఇచ్చాం" అంది వర్షిణి, భర్త వైపు చూడకుండా.

"అసలు నాన్న ఎందుకెళ్ళాడమ్మా? చెప్పాపెట్టకుండా?"

"నా నోరు ఊరుకోక. కొండయ్య వచ్చి, మేం కూడా వైజాగ్ పోతాం చిన్నాయనా, కుదురుకునే దాకా మీ వాడింట్లో చోటుంటదా అని అడిగినాడు. చోటా, పెళ్ళి విడిది దిగినా ఇంకా గదులు మిగుల్తాయి అన్నాడు మీ నాయన. నాకు ఒళ్ళు మండింది. నువ్వు కళ్ళతో చూసినావా? ఒకని సంసారాన్ని ఎత్తి పంపిస్తా ఉండావు, ఒక్కసారన్నా పోయి చూసి చెప్పు అన్నా. చూసొస్తా పో అని చొక్కా ఏసుకున్నాడు. చూసినాకనే ఫోన్ చేసి కొండయ్యకి చెప్తా, అంతదాకా బయల్దేరొద్దను అన్నాడు."

టీ పొంగింది. ఎవరూ మంట తగ్గించలేదు.

*

కొండయ్య అప్పుడే వచ్చాడు. పలకల షెడ్డులో రాయి చీల్చే పని అతనిది. జుట్టు నుంచి పాదాల దాకా బూడిద రంగు రాతిపొడి. చావు కబురు విని ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో నవ్వులు చూసి అయోమయంలో నిలబడ్డాడు. సంగతి తెలిశాక సాయిరాఘవ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"తమ్ముడా, నాకు కాళ్ళు ఆడలేదనుకో. చిన్నాయన లేకపోతే మమ్మల్ని పట్టించుకునేదెవరు అని ఒకటే బాధ."

"కూర్చో అన్నా."

"కూర్చోను. పని ఉంది. మీ వదిన అంజలి మూటలు కట్టేసింది. మేకల్ని రాచర్లకి తోలినా, బామ్మర్ది చూసుకుంటాడు. ఇల్లు ఖాళీ చేస్తన్నామని ఇంటాయనకి కూడా చెప్పినా. రేపో మాపో వేరేవాళ్ళు దిగుతారంట. చిన్నాయన ఊఁ అంటే సాయంత్రం రైలే."

"ఊఁ అనకపోతే?" సాయిరాఘవ నెమ్మదిగా అన్నాడు.

కొండయ్య నవ్వాడు. "ఎందుకనడు? నీ ఇల్లు నాకు తెలీదా ఏంది? కళ్ళు మూసుకుంటే కనిపిస్తది. సముద్రం వైపు గదుల్లో ఒక మూలనన్నా పండుకుంటాం. ఇక్కడ ఏముంది తమ్ముడా? పలక పట్టుకునే పిల్లోడు యాడుండాడు? అందరి చేతుల్లో ఫోన్లే."

చొక్కాకు చేతులు తుడుచుకుని, అరుగు చివర కూర్చున్నాడు కొండయ్య, రాతిపొడి ఎవరికీ అంటకుండా.

వర్షిణి భర్తను లోపలి పడమటి గదిలోకి లాగింది. గొంతు తగ్గించింది కానీ, మాట తగ్గించలేదు.

"ఇప్పుడైనా చెప్పీండి."

"అందరి ముందా?"

"అందరి ముందే కదా గొప్పలు విన్నారు. పెళ్ళయిన కొత్తలో మీ నాన్నగారు నన్ను, మీ మేడలో గదులెన్నమ్మా అని అడిగితే, నేను నోరు మూసుకున్నాను. మీ పరువని. ఇప్పుడు ఆయన అక్కడే నిలబడి చూస్తన్నారు. ఇంకేటి దాస్తారు?"

"నాన్న ఏమంటాడో..."

"మీ నాన్నగారి సంగతి కాదండి. బయట కూర్చున్నాడే, ఆ మనిషి సంగతి."

తలుపు దగ్గర చప్పుడైంది. కామేశ్వరి టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపైందో తెలియదు. కొడుకు ముఖం చూసింది. కోడలి ముఖం చూసింది. గ్లాసు గూట్లో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తల్లి తిట్టి ఉంటే బాగుండేది. పచ్చడి రోకలి పెట్టి కొట్టినా బాగుండేది.

*

ఫోన్ మోగింది. గిద్యోను.

"సార్, మీ నాన్నగారండి... బతికే ఉన్నారండి!" గిద్యోను ఇంకా తేరుకున్నట్టు లేడు. "ఇదిగో మాట్లాడండి."

"ఒరే రాఘవా! నేన్రా, నాయన్ని."

ఆ గొంతు వినగానే సాయిరాఘవ కళ్ళు నిండాయి. అంతలో ఆనంద్ బాబు లోపలికి తొంగి చూశాడు. "నాగేశ్వర్లేనా? స్పీకర్ పెట్టబ్బాయ్, మేమూ పలకరిస్తాం. చచ్చినోడి మాట వినే యోగం మళ్ళీ రాదు." చొరవగా ఫోన్ అందుకుని, మీట నొక్కి, అరుగు మీద దండ పక్కనే పెట్టాడు.

"నేను చచ్చినానంట గదా!" నాగేశ్వర్లు గొంతు వీధికంతా వినిపించింది. "నన్ను చూసి ఈ గిద్యోను ఎనక్కి ఎగిరి బిందెల్లో పడినాడు. ప్రార్థన కూడా చేసినారంట పాపం. దాని బలమే, మళ్ళీ లేచినా."

వీధి పగలబడి నవ్వింది.

"అది సరే, ఇల్లెట్లుందో చెప్పు మామా!" అని అరిచాడు ఆనంద్ బాబు.

అవతల చిన్న ఆగడం. వీధికి అది వినిపించలేదు. సాయిరాఘవకు వినిపించింది. ఆ ఆగిన క్షణంలో తండ్రి ఎక్కడ నిలబడ్డాడో, దేన్ని చూస్తున్నాడో అతనికి కనిపించింది. రేకు తలుపు. తడిసిన బట్టల దండెం. బిందెల వరస.

"ఇల్లా?" అన్నాడు నాగేశ్వర్లు. "ఇల్లనకూడదబ్బాయ్, కోట అనాల. తలెత్తి చూస్తే మెడ పట్టేసింది. నేను రావడం, ఒక ఓడ గుమ్మం ముందర ఆగడం. ఎవరబ్బా అని చూస్తే కెప్టెను టోపీ తీసి, రాఘవ సారున్నారా అని అడిగినాడు. ఊరికి పోయినాడు, రేపు రాపో అని పంపించినా."

నవ్వుతూ, తొడలు చరుచుకుంటూ వింటున్నారు జనం. కొండయ్య మోకాళ్ళ మీద ముందుకు వంగాడు.

"గుమ్మం పక్కన మన మార్కాపురం పలక ఏలాడదీసినారు. దాని మీద మా వాడి పేరు. ఆఫీసర్లకి ఉంటది గదా, అట్ల."

ఆ పలక తండ్రి ఇచ్చిందే. వర్షిణి కాపురానికి వెళ్ళేటప్పుడు, పుట్టబోయే పిల్లలకని పెట్టెలో పెట్టాడు. వరస వాళ్ళంతా కొళాయి దగ్గర కొట్టుకుంటుంటే, ఎవరి తర్వాత ఎవరో రాసిపెట్టడానికి దాన్ని గోడకు తగిలించారు. నాగేశ్వర్లుది వానాకాలం చదువే అయినా పేర్లు చదవగలడు. ఆ పలక మీద కొడుకు పేరు ఎవరి పేరుకు కింద ఉందో, ఎవరి పేరుకు పైన ఉందో చదివే ఉంటాడు.

ఫోన్లో ఇనుము ఇనుమును గుద్దినట్టు చప్పుడు. ఆ వెనకే ఒక ఆడమనిషి కేక.

"ఏందా చప్పుడు?" కామేశ్వరి గుమ్మంలోంచి అడిగింది. ఆమె చూపు మాత్రం ఫోన్ మీద లేదు, కొడుకు మీద ఉంది.

"అలలే కామేశ్వరీ" అన్నాడు నాగేశ్వర్లు. "సముద్రం గదా. ఒక్క చోట ఉండదు."

తన అబద్ధాన్ని తండ్రి బయటపెడతాడేమోనని ఇంతసేపూ భయపడ్డాడు సాయిరాఘవ. ఆయన బయటపెట్టలేదు. భుజానికెత్తుకున్నాడు. ఎండలో నిలబడి, తాళం తీయని తలుపు ముందు, కొడుకు కట్టని మేడకు సున్నం వేస్తున్నాడు.

కొండయ్య లేచి ఫోన్ దగ్గరకు వచ్చాడు. "చిన్నాయనా, నేను కొండయ్యని. కళ్ళతో చూసినావు గదా. ఇంక చెప్పు. మాకు చోటుంటదా? సాయంత్రం బండెక్కమంటావా?"

జీవితంలో మొదటిసారి నాగేశ్వర్లుకు మాట దొరకలేదు.

ఇనుము చప్పుడు ఇంకోసారి వినిపించింది. బిందె నిండుతున్న నీళ్ళ చప్పుడు వినిపించింది.

"కొండయ్యా" అన్నాడు చివరికి. గొంతులో కెప్టెన్లు లేరు, ఓడలు లేవు. "ఆ ఇంటి యజమాని నేను కాదు నాయనా. మా వాడు నీ పక్కనే ఉండాడు గదా. వాణ్ణడుగు. వాడేం చెప్తే అది."

ఫోన్ పెట్టేయలేదు. అవతల నిలబడే ఉన్నాడు, వింటూ.

కొండయ్య తిరిగి చూశాడు. అతనితో పాటు బజారంతా చూసింది. వర్షిణి కొంగు గుప్పిట బిగించింది. వీధి మలుపులో ఆటో హారన్ మోగింది. ముందు సీట్లో ఒళ్ళో మూటతో అంజలి, వెనక వంట సామాను.

"అన్నా" అన్నాడు సాయిరాఘవ. "నాయన చెప్పిన ఆ చప్పుడు..."

నాయన అన్నానని అతనికే తర్వాత తెలిసింది.

"ఆ చప్పుడు సముద్రానిది కాదన్నా."

ఆనంద్ బాబు నవ్వబోయి ఆగాడు. అరుగు మీది ఫోన్లోంచి, వైజాగ్ ఆడమనిషి కేక స్పష్టంగా వినిపించింది. "మీ వంతయిపోయింది, బిందె తియ్యమ్మా!"

కొండయ్య ముఖం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. రాతిపొడి పట్టిన కనురెప్పలు ఒకసారి ఆడించాడు.

"సముద్రం కాకపోతే మరేంది తమ్ముడా?"